ముప్ఫై ఒకటో తాడు

1వ రోజు

నియామకం ఆఫీసు వాళ్ళు ఇచ్చిన ఈ పుస్తకం మొదటి పేజీలో "మీ గురించి నాలుగు మాటలు నిజాయితీగా రాయండి" అని అచ్చువేసి ఉంది. రాస్తున్నాను. పేరు దాలినాయుడు. వయసు ఇరవై. పుట్టిందీ పెరిగిందీ తేలుపేటలోనే. గట్టు మీది జనం మా ఊరి పేరు వినగానే మీ దగ్గర తేళ్ళు ఎక్కువా అని అడుగుతారు. తేళ్ళు లేవు, ఊరే సముద్రం మీద తేలుతుంది అని చెప్పి చెప్పి మా అమ్మ విసిగిపోయింది. ప్రత్యేక ప్రతిభలు: ఇంతవరకూ ఏవీ బయటపడలేదు.

ఇవాళ నా ఎడమ మణికట్టుకి పట్టీ కట్టారు. నాడి, చెమట, ఇంకా ఏవేవో చూసి, చేస్తున్న పనిలో నాకెంత తృప్తి ఉందో నూటికి ఇంత అని అది లెక్క చెబుతుంది. మొత్తం ఆరు పనులు, ఒక్కోటి నలభై రోజులు. రెండు వందల నలభయ్యో రోజున దేనికి ఎక్కువ అంకె ఉంటే ఆ పని నాది. ఏ పనివాళ్ళూ ఒప్పుకోక చోటు దొరకకపోతే గట్టు జాబితా. ఊరు మోయగలిగిన బరువు ఇంతే అని ఉంది కాబట్టి, పనిలేని బరువును ఏడాదికోసారి పడవెక్కించి గట్టుకి పంపేస్తారు. నా బరువు అరవై రెండు కిలోలు.

"ఆరు పనుల్లో ఒక్కటైనా నీకు రాకుండా పోతాదేటిరా" అంది అమ్మ. అమ్మకి నా మీద చాలా నమ్మకం. కన్నది కదా, వేరే దారి లేదు.

పక్కింటి కనకలతకీ ఇవాళే కట్టారు. నేనూ అదీ ఒకే వారంలో పుట్టాం. కట్టి బిగిస్తుండగానే దాని పట్టీ 84 చూపించింది. నాది ఏమీ చూపించలేదు. పాడైందేమోనని మార్చి ఇంకొకటి కట్టారు. అదీ ఏమీ చూపించలేదు.

9వ రోజు

మొదటి పని వంటశాల. వండేది యంత్రాలే. మనిషి చేయాల్సిందల్లా రుచి చూసి సరే అనడం. ఇంత సులువైన దాంట్లో కూడా తప్పు జరుగుతుందని ఎవరూ అనుకోలేదు, నేను తప్ప. పొద్దుటినుంచి ఇరవై రెండు గిన్నెలు రుచి చూశాక నా నాలుకకి ఏదీ తెలియడం మానేసింది. పప్పుచారు చప్పగా ఉన్నట్టనిపించి "ఇంకొంచెం ఉప్పు" అన్నాను. మూడుసార్లు అన్నాను. ఆరు వందల మంది అది తిని, సాయంత్రం దాకా మంచినీళ్ళ తొట్ల దగ్గర వరస కట్టారు.

వంటశాల పెద్ద నన్ను పక్కకి పిలిచి, "సుట్టూ సముద్రమే కదా బాబూ, దాన్ని మళ్ళీ గిన్నిలోకి ఎందుకు తెచ్చినావు?" అని అడిగాడు. చాలా మర్యాదగా అడిగాడు. అందుకే ఎక్కువ బాధేసింది. పట్టీ: 34.

58వ రోజు

రెండో పని పసిపిల్లల బడి. కథ చెప్పమన్నారు. ఒక చేప గట్టు చూడ్డానికి నడిచి వెళ్ళిన కథ మొదలుపెట్టాను.

"సేపకి కాళ్ళేవి?" అంది ముందు వరసలో కూచున్న ఒక నాలుగేళ్ళ పిల్ల.

"ఈ చేపకి ఉన్నాయమ్మా."

"అలగైతే అది సేప కాదు."

మిగతా పదహారు మందీ ఆ పిల్ల వైపే. గంటసేపు వాదించి ఓడిపోయాను. మర్నాడు వాళ్ళే నాకు కథ చెప్పారు. అందులో కథ చెప్పడం రాని ఒక పెద్ద చేప ఉంది. దాన్ని చివర్లో ఎవరో పులుసు పెట్టుకున్నారు. పట్టీ: 22.

97వ రోజు

మూడో పని క్షౌరశాల. యంత్రం చేత జుట్టు కత్తిరించుకోవడానికి మా ఊరి మగవాళ్ళు ఇప్పటికీ ఒప్పుకోరు. ఇవాళ నియామకం ఆఫీసు పెద్ద సదానందం గారు స్వయంగా వచ్చి నా కుర్చీలో కూచున్నారు. "మీసం కాస్త సవరించు బాబూ" అన్నారు.

కుడివైపు కాస్త ఎక్కువ తగ్గింది. సరిచేద్దామని ఎడమవైపు తగ్గించాను. అది ఇంకా ఎక్కువ తగ్గింది. మళ్ళీ కుడి, మళ్ళీ ఎడమ. పావుగంట గడిచేసరికి రెండు వైపులా సమానమైంది. రెండు వైపులా ఏమీ లేదు. ఆయన అద్దంలో చాలాసేపు చూసుకుని, "మా నాన్నగారు పోయినప్పుడు తీయించాను. మళ్ళీ ఇప్పుడే" అన్నారు.

నా జీవితం ఎటు పోవాలో నిర్ణయించే మనిషి ఆయనే. పట్టీ: 40. ఎందుకంత ఎక్కువ చూపించిందో తెలియదు.

141వ రోజు

నాలుగో పని పాత గొంతుల గది. ఊళ్ళు మునగకముందు జనం మాట్లాడుకున్న మాటలు, చుట్టాలకి పంపుకున్న కబుర్లు అక్కడ దాచిపెట్టారు. చెవుల్లో పెట్టుకుని విని, ఎవరు ఏ ఊరివారో రాసిపెట్టాలి. చల్లటి గది, మెత్తటి కుర్చీ. రెండో రోజునుంచే నిద్రపోవడం మొదలుపెట్టాను. గది చూసుకునే పెద్దాయన నన్ను లేపడు. ఆయనా నిద్రపోతుంటాడు.

పట్టీ: 71. నిద్రకీ తృప్తికీ తేడా దానికి తెలియదు. ఇప్పటిదాకా నాకొచ్చిన అంకెల్లో ఇదే పెద్దది. అంటే నేను పుట్టింది నిద్రపోవడానికి అని శాస్త్రీయంగా రుజువైంది.

సాయంత్రం వంతెన మీద కనకలత ఏడుస్తూ కనిపించింది. దాని అంకెలు 84, 86, 85, 85.

"ఇంకేటి కావాల నీకు?" అన్నాను. కొంచెం కుళ్ళుతోనే అన్నాను.

"ఎక్కడ పడేసినా నాకు బాగానే ఉంటాదిరా. మరి నాది అనీది ఏది? అంకెలన్నీ ఒక్కలాగుంటే రేపు ఏదో ఒకటి నేనే సెప్పాల కదా. అబద్ధం సెప్పినట్టుంటాది."

దానికి అన్నీ వచ్చు, నాకేదీ రాదు, ఇద్దరికీ ఒకటే బాధ. ఇది గొప్ప ఆలోచనలా అనిపించి ఇంటికొచ్చి అమ్మకి చెప్పాను. "కాళ్ళు కడుక్కుని రా, బువ్వ తిందూగాని" అంది.

183వ రోజు

అయిదో పని పూలతోట. తేనెటీగలు లేవు కాబట్టి, మగపువ్వు మీది పుప్పొడిని కుంచెతో అద్ది ఆడపువ్వుకి రాయాలి. ఆనప పాదుల దగ్గర వదిలిపెట్టారు. ఇరవై రోజులు దీక్షగా పనిచేశాను. మగపువ్వు పుప్పొడి తీసి ఇంకో మగపువ్వుకి రాశానని ఇవాళ తెలిసింది. ఆడపువ్వుకి కింద చిన్న కాయ ఉంటుందట. నాకెవరూ చెప్పలేదు. అంటే, చెప్పారు. నేను తలూపాను.

నా వల్ల కాసిన ఆనపకాయలు: రెండు. ఆ రెండు ఎలా కాశాయో తోటవాళ్ళకీ అర్థం కాలేదు. పట్టీ: 38.

201వ రోజు

చివరి పని తాళ్ళు. ఊరు కొట్టుకుపోకుండా నలభై ఎనిమిది తాళ్ళు దాన్ని సముద్రం అడుగుకి కట్టి ఉంచుతాయి. ఒక్కోటి నా తొడంత లావు. వాటిమీద ఆల్చిప్పలు పెరుగుతాయి. ఆ చిప్పల అంచులు లోపలి పోగుల్ని కోసేస్తాయి. యంత్రం దింపితే దాని కంటికి చిప్పలే కనిపిస్తాయి గానీ, వాటి కింద తెగిన పోగు కనిపించదు. అందుకని మనిషి దిగి, చిప్పలు గీకి, చేత్తో తడిమి చూడాలి. పై నుంచి పదిహేను బారలు, బారకి ఆరడుగులు. అంతకంటే కింద చిప్పలు పెరగవు.

నేను సముద్రం మీద పుట్టినవాణ్ణి. సముద్రమంటే భయం. అమ్మకి తప్ప ఈ సంగతి ఎవరికీ తెలియదు.

పని నేర్పేది అసిరమ్మ. యాభై ఏళ్ళుంటాయి. ఊరంతా ఆమెని అప్పా, అంటే అక్కా, అనే పిలుస్తారు. నన్ను కిందా మీదా చూసింది.

"ఈత వచ్చా?"

"వచ్చప్పా."

"బయ్యమా?"

"లేదప్పా."

"మరి ఆ కాళ్ళు ఎందుకలగ వణకతన్నాయి? సలేస్తందా?"

మిట్టమధ్యాహ్నం, మండు వేసవి. "అవునప్పా, చలేస్తోంది" అన్నాను.

పట్టీ: 6. అది పాడవలేదు. అడిగి కనుక్కున్నాను.

212వ రోజు

ఇవాళ ఏడు బారలు దిగాను. తాడుకి మూడేసి బారలకొక ఇనుప రింగు ఉంటుంది. దాన్ని పట్టుకుని ఆగి, గీకి, తడిమి, మళ్ళీ దిగాలి. గాలి ముసుగు ఉంటుంది, నడుముకి సన్నతాడు ఉంటుంది. ఒకసారి లాగితే బాగున్నానని, రెండుసార్లు లాగితే పైకి వస్తున్నానని. నేను బాగున్నప్పుడు కూడా రెండుసార్లు లాగుతున్నానని అసిరమ్మ తిట్టింది.

చేతులనిండా కోతలు. ఉప్పునీళ్ళలో మంట. ఒళ్ళంతా చేపల వాసన. ఇంటికొచ్చి కూచుంటే, గీకిన చోట తాడు వేళ్ళకి ఎలా తగిలిందో అదే పదేపదే గుర్తొస్తోంది. తడిసిన పోగులు గట్టిగా, నున్నగా, జడ అల్లినట్టుంటాయి. తెగిన పోగు మాత్రం మీసంలా పొడుచుకొస్తుంది. నాకు మీసాల సంగతి బాగా తెలుసు కదా, ఇవాళ ఇరవై ఆరో తాడులో ఒకటి పట్టుకున్నాను. అసిరమ్మ వచ్చి తడిమి చూసి, "ఊఁ" అంది. ఆ "ఊఁ" అన్నప్పుడు నాకు కలిగినదాన్ని పట్టీ ఎలా కొలిచిందా అని చూశాను.

9.

219వ రోజు

ముప్ఫై ఒకటో తాడు ఒక్కణ్ణే చూశాను. పదిహేను బారలు. బాగుంది. అసిరమ్మ కొట్టంలోని పలక మీద 31 పక్కన బాగుందని సున్నంతో గీత పెట్టి, తన ఎండు మెత్తళ్ళ చేపల్లో సగం నా ఆకులో వేసింది. పట్టీ: 12.

223వ రోజు

రాయడానికేమీ లేదు.

228వ రోజు

219వ రోజున రాసింది అబద్ధం. ముప్ఫై ఒకటో తాడు నేను తొమ్మిది బారలే చూశాను.

ఆ రోజు అసిరమ్మ పక్కనున్న ముప్ఫయ్యో తాడు మీద ఉంది. నన్ను మొదటిసారి ఒంటరిగా వదిలింది. తొమ్మిదో బార దగ్గరి రింగు దాకా బాగానే దిగాను. అక్కణ్ణించి కిందికి నీళ్ళ రంగు మారుతుంది. ఆకుపచ్చ పోయి ఒక రకమైన నలుపు వస్తుంది. ఆ నలుపులోంచి చేపల గుంపు ఒకటి వచ్చి నా కాళ్ళకి రాసుకుంటూ పోయింది. ఒక్కోటి అరచేయంత కూడా లేదు. అవి వెళ్ళిపోయాక కూడా నా కాళ్ళు కిందికి కదలలేదు. రింగు పట్టుకుని అక్కడే వేలాడాను. పదిహేను బారలు చూడ్డానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు లెక్కపెట్టాను. తొందరగా వచ్చేస్తే దొరికిపోతానని ఇంకో వంద కూడా లెక్కపెట్టాను. భయపడి వణుకుతూ కూడా మోసం చేయడంలో అంత జాగ్రత్త తీసుకున్నాను. మిగతా అయిదు పనుల్లో ఆ జాగ్రత్త ఉండి ఉంటే ఈపాటికి ఎక్కడో ఒకచోట స్థిరపడేవాణ్ణి.

పైకొచ్చి "బాగుందప్పా" అన్నాను. ఆమె మళ్ళీ అడగలేదు. ఆ మెత్తళ్ళు తిన్నాను.

226వ రోజు పొద్దున తుఫాను గంట కొట్టారు. మర్నాటికల్లా ఆగ్నేయం నుంచి పెద్దగాలి వస్తుందన్నారు. తుఫానుకి ముందు తాళ్ళ బిగింపు మారుస్తారు. పలక మీద బాగాలేవని రాసి ఉన్నవాటిని వదులుచేసి, బాగున్నవాటి మీదికి బరువంతా వేస్తారు. ఇరవై తొమ్మిది, ముప్ఫై రెండు అరిగి ఉన్నాయని వదులుచేశారు. ఆ మూల మొత్తం ముప్ఫై, ముప్ఫై ఒకటి మీద పడింది. ఆ మూలనే పసిపిల్లల బడి, వాళ్ళ ఇళ్ళు.

తాళ్ళ కొట్టంలో అసిరమ్మ కప్పీలకి నూనె పెడుతోంది. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను. లోపలికి వెళ్ళాను. మళ్ళీ గుమ్మం దగ్గరికి వచ్చాను.

"ఏటిరా గుంటడా, కాలు కాలిన పిల్లిలాగ తిరుగుతున్నావు?"

"అప్పా, ముప్ఫై ఒకటి..."

"ఊఁ."

"నేను పదిహేను చూడలేదప్పా. తొమ్మిదే. తొమ్మిది దాకానే దిగాను. భయమేసింది."

ఆమె నూనె గుడ్డ పక్కన పెట్టింది. తిడుతుందనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను. ఆమె పలక దగ్గరికెళ్ళి, 31 పక్కనున్న గీతని చేత్తో చెరిపేసింది.

"కింద ఆరు బారలు ఎలగున్నాయో నీకు తెల్దు."

"తెలీదప్పా."

"నాకూ తెల్దు. పద."

"ఇప్పుడా? సముద్రం..."

"రేపైతే దిగనేం. పద, బేగి."

అప్పటికే అలలు లేచాయి. ఊరు ఊయలలా ఊగుతోంది. ఇద్దరం దిగాం. తొమ్మిదో బార రింగు దగ్గర ఆమె ఆగి, ఎడమ చేత్తో రింగు, కుడి చేత్తో నా నడుము తాడు పట్టుకుని, కిందికి చూపించింది. తనే వెళ్ళి చూడొచ్చు. నాకంటే పది రెట్లు త్వరగా చూడగలదు. కానీ నన్నే వెళ్ళమంది.

ఆ ఆరు బారల గురించి వీరగాథ రాయాలని ఉంది గానీ, జరిగింది ఇది. కళ్ళు మూసుకుని దిగాను. ఎలాగూ అక్కడ చూడ్డానికేమీ ఉండదు. ముసుగులో ఏడ్చాను. ముసుగులో ఏడిస్తే ముక్కు తుడుచుకోవడానికి వీలుండదని తెలుసుకున్నాను. ఊరు లేచినప్పుడల్లా తాడు నన్ను పైకి లాగుతోంది, దిగినప్పుడల్లా వదిలేస్తోంది. గీకాను, తడిమాను. పది. పదకొండు. పన్నెండులో రింగు. పదమూడు. పద్నాలుగులో చిప్పలు గుత్తులుగా ఉన్నాయి, అక్కడ చాలాసేపు పట్టింది. పదిహేను. ఒక్క పోగు తెగలేదు. తాడు కొత్తదానిలా ఉంది.

సన్నతాడు రెండుసార్లు లాగాను. జవాబు రాలేదు. మళ్ళీ లాగాను.

పైకి ఎక్కి చూస్తే అసిరమ్మ చెయ్యి రింగుకీ తాడుకీ మధ్య ఇరుక్కుని ఉంది. పెద్ద అల ఏదో ఊరిని ఒక్కసారిగా ఎత్తినప్పుడు తాడు బిగిసి నలిపేసింది. ఆమె కుడిచెయ్యి మాత్రం నా సన్నతాడుని వదల్లేదు. చుట్టూ నీళ్ళలో నెత్తురు, ఆ లోతులో గోధుమరంగులో కనిపించింది. తాడు వదులయ్యే క్షణం కోసం ఎదురుచూసి, వదులవగానే చెయ్యి బయటికి లాగాను. తర్వాత పైకి వచ్చాం. నేను ఆమెని తెచ్చానో, ఆమె నన్ను తెచ్చిందో చెప్పలేను. నడుములకి తాళ్ళు చిక్కుపడిపోయాయి.

పైన చెక్కల మీదికి వచ్చి ముసుగు తీశాక ఆమె అడిగిన మొదటి మాట, "ఎలగుంది?"

"బాగుందప్పా. పదిహేనూ చూశాను. బాగుంది." ఆమె చెయ్యి చూసి నాకు ఏడుపు ఆగలేదు. "అప్పా, బాగానే ఉంది. మనం దిగకపోయినా..."

"నోర్ముయ్యి. పొద్దున్న నీకు తెల్దు. ఇప్పుడు తెలుసు." అని, 31 పక్కన గీత పెట్టమని చెప్పి, అప్పుడు స్పృహ తప్పింది.

ఆస్పత్రిలో ఎడమచేతి రెండు వేళ్ళు తీసేశారు. తుఫాను వచ్చింది, పోయింది. తాడు నిలిచింది. బడి నిలిచింది. చెయ్యి ఎలా నలిగిందని డాక్టరు అడిగితే "పన్లో" అని మాత్రమే చెప్పిందట.

ఈ పేజీ రాయొద్దని కనకలత అంది. ఇందాక ఇంటికొచ్చి గంటసేపు వాదించింది.

"తాడు బాగానే ఉంది కదా. అప్ప ఎవరికీ సెప్పనేదు. నువ్వు రాస్తే సదానందం గారు సదువుతారు. గట్టుకి పంపేస్తారురా నిన్ను. ఎవరికి లాభం?"

"పుస్తకంలో బాగుందని రాసి ఉంది కదే."

"బాగానే ఉన్నాది కదా మరి!"

"నేను రాసిన రోజున నాకు తెలీదు కదా."

అది విసుక్కుని వెళ్ళిపోయింది. అమ్మ వంటగదిలోంచి అంతా విన్నది. బయటికి వచ్చి, నా పక్కన కూచుంది.

"గట్టు మీద ఎండెక్కువంటారు" అంది. "టోపీ కొనుక్కో." కళ్ళు తుడుచుకుని, "రాసీ" అంది.

రాశాను.

240వ రోజు

నియామకం ఆఫీసు. సదానందం గారి మీసం మళ్ళీ పెరిగింది, కానీ మునుపటంత ధైర్యంగా లేదు. నేను లోపలికి వెళ్ళగానే ఆయన చెయ్యి దానంతటదే మూతి మీదికి వెళ్ళింది.

నాకంటే ముందు కనకలత వచ్చి వెళ్ళింది. పసిపిల్లల బడి అని చెప్పిందట. ఎందుకని అడిగితే, అన్నిచోట్లా ఆనందంగానే ఉన్నాను, అక్కడ మాత్రం మర్నాడు ఏం చేయాలా అని ఇంటికెళ్ళాక కూడా ఆలోచించాను అందట.

సదానందం గారు నా అంకెలు వరసగా చదివారు. ముప్ఫై నాలుగు, ఇరవై రెండు, నలభై, డెబ్భై ఒకటి, ముప్ఫై ఎనిమిది, తాళ్ళకి సగటున తొమ్మిది.

"పాత గొంతుల గది మీకు ఖాయం. అక్కడి పెద్దాయన కూడా మీవల్ల ఏ ఇబ్బందీ లేదని రాశారు."

"అక్కడ నిద్రపోయానండీ."

"ఆయనా అదే రాశారు. ఇబ్బంది లేదు." పుస్తకం మూయబోయి ఆగారు. "228వ రోజు చదివాను. అబద్ధపు నమోదు చిన్న తప్పు కాదు. అయితే అది తాళ్ళ పనికి సంబంధించింది. మీరు గొంతుల గదికి వెళ్ళిపోతే నేను దాన్ని తవ్వక్కర్లేదు. సంతకం పెట్టండి."

కలం నా ముందుంచారు. చల్లటి గది, మెత్తటి కుర్చీ. ఊళ్ళోనే ఉంటాను. అమ్మ దగ్గరే ఉంటాను. ఇరవై ఏళ్ళలో మొదటిసారి ఎవరో నాకొక చోటు చూపించి కూచోమంటున్నారు.

"నాకు తాళ్ళ పని కావాలండీ" అన్నాను.

కలాన్ని తిరిగి ఆయన వైపు జరిపాను. ఆయన నా అంకెలు మళ్ళీ చూశారు.

"దానికి మీకొచ్చింది తొమ్మిది."

"తెలుసండీ."

"భయపడతారు. మీరే రాశారు."

"అవునండీ."

"మరి ఎందుకు?"

దానికి మంచి జవాబు ఆలోచించుకుని వెళ్ళి ఉండాల్సింది. "ఇంకెక్కడా నేను చేసింది సరిగ్గా ఉందో లేదో నాకు పట్టలేదండీ. ఉప్పు ఎక్కువైతే ఇంటికెళ్ళి పడుకున్నాను. ఇక్కడ తొమ్మిది రోజులు నిద్రపట్టలేదు" అన్నాను. నిద్ర పట్టకపోవడాన్ని అర్హతగా చెప్పుకున్న మొదటి మనిషిని నేనే అయ్యుంటాను.

"పని నేర్పిన మనిషి ఒప్పుకుంటే అంకెతో నిమిత్తం లేదు. ఒప్పుకోకపోతే, అబద్ధపు నమోదు ఉంది కాబట్టి, గొంతుల గది కూడా ఇవ్వలేను. నేరుగా గట్టే. ఆలోచించుకోండి."

"ఆలోచించుకున్నానండీ." ఇదీ అబద్ధమే. ఆలోచిస్తే సంతకం పెట్టేసేవాణ్ణి.

అసిరమ్మని పిలిపించారు. ఎడమచేతికి కట్టుతో వచ్చింది. తుఫాను తర్వాత నేను ఆస్పత్రికి నాలుగుసార్లు వెళ్ళాను, నాలుగుసార్లూ ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది. ఇప్పుడూ నా వైపు చూడలేదు.

"ఈ అబ్బాయి మీ దగ్గరే ఉంటానంటున్నాడు. ఎలాంటివాడు?"

"పిరికోడు."

"పని?"

"ఒడ్డున కూకున్న కొంగ నయ్యం. అదైనా కాలు తడుపుకుంటాది."

"అబద్ధం చెప్పాడని తెలుసు కదా?"

"నాకు ఆడే సెప్పినాడు. ఇంకెవులు సెప్తారు, సేపలా?"

"అయితే వద్దంటారా?"

అసిరమ్మ అప్పుడు నా వైపు చూసింది. ఎంతసేపు చూసిందో గాని, నా పట్టీ చిన్నగా మోగింది. అంతకు ముందెప్పుడూ అది మోగలేదు.

"ఈడి వల్ల నాకు రెండేళ్ళు పోనాయి బాబూ. ఆ రెండేళ్ళ పనీ ఈడే సెయ్యాల. మరి నానెలగ సేస్తాను?" అంది.

సదానందం గారు తలూపి, "రెండేళ్ళు. న్యాయంగానే ఉంది" అంటూ కాగితం మీద రాసుకున్నారు: తాళ్ళ పని, కాలం రెండు సంవత్సరాలు.

ఆమె చెప్పింది వేళ్ళ సంగతి, ఆమె నోట వేళ్ళు ఏళ్ళవుతాయి. కట్టు కట్టిన చెయ్యి సగం పైకెత్తి, ఆయన రాసింది చూసి, మెల్లగా దించేసింది. నేను నోరు తెరిచాను.

"సంతకం ఎట్టు, బేగి" అంది అసిరమ్మ.

పెట్టాను. పట్టీ విప్పి బల్లమీద పెట్టించుకున్నారు. విప్పేముందు చివరి అంకె చూడలేదు.

బయటికి వచ్చి ఇద్దరం వంతెన వైపు నడిచాం. నేను ఆమె చేతి వైపు చూస్తున్నాను.

"అప్పా, నొప్పి..."

"ఉంది. నీకు సెప్తే పోతాదేటి?" నాలుగడుగులు వేసి, "రేపు పొద్దెక్కకముందే రా" అంది.

కొత్త పుస్తకం. 1వ రోజు

ఇందులో ముందుమాట అచ్చువేసి లేదు. తాళ్ళ వాళ్ళ పుస్తకంలో గీతలు మాత్రమే ఉంటాయి: తాడు, బారలు, ఎలా ఉంది.

ముప్ఫై మూడు. పదిహేను బారలు. బాగుంది.

ముప్ఫై నాలుగు. పదిహేను బారలు. రెండు పోగులు తెగాయి. గుడ్డ కట్టి గుర్తు పెట్టాను.

ముప్ఫై అయిదు. పదిహేను బారలు. బాగుంది.

ముప్ఫై ఆరు. పదకొండు బారలు. అక్కడికే వెళ్ళగలిగాను. కింది నాలుగూ తెలియదు. రేపు దిగాలి.